వెనుక వరుసలోని వాయిద్యం: చార్లెస్ మింగస్ జీవితం

మీ దగ్గర చిన్న ట్రాన్సిస్టర్ రేడియో ఉంటే అందులో ఒక సినిమా పాట వినండి. అదే పాటను పెద్ద స్పీకర్లున్న చోట, సినిమా హాల్లోనో పెళ్లి పందిట్లోనో, మళ్లీ వినండి. రెండోసారి విన్నప్పుడు గాయకుడి గొంతు కింద, తబలా కింద, మందంగా అడుగులు వేస్తూ నడిచే మరో నాదం మీ చెవిన పడుతుంది. చిన్న రేడియోలో అది ఉండీ లేనట్టే ఉంటుంది. పాశ్చాత్య సంగీతంలో ఇలాంటి కింది స్వరాలను పలికించే పని చాలా కాలంగా డబుల్ బేస్ అనే వాయిద్యానిది.

ఈ పాఠంలో మీరు ఆ వాయిద్యాన్ని వాయించి బతికిన ఒక వ్యక్తి గురించి చదువుతారు. ఆయన పేరు చార్లెస్ మింగస్. అమెరికాలోని నల్లజాతి ప్రజల నుంచి పుట్టిన జాజ్ సంగీతంలో ఆయన గొప్ప వాద్యకారుడు, అంతకన్నా గొప్ప స్వరకర్త. ఏ వాయిద్యం శబ్దం అందరికంటే తక్కువగా వినిపిస్తుందో ఆ వాయిద్యాన్ని ఎన్నుకుని, దాన్ని అందరికీ వినిపించేలా చేయడానికి ఆయన జీవితమంతా పెనుగులాడాడు.

వాయిద్యం సంగతి

ముందుగా ఆ వాయిద్యాన్ని పరిచయం చేసుకుందాం. డబుల్ బేస్ చూడటానికి వయొలిన్‌ను బాగా పెంచి నిలబెట్టినట్టు ఉంటుంది. ఎత్తు దాదాపు 6 అడుగులు. వాద్యకారుడు దాన్ని ఒంటికి ఆనించుకుని, సాధారణంగా నిలబడి వాయిస్తాడు. దీనికి మామూలుగా 4 లావుపాటి తీగలుంటాయి. శాస్త్రీయ సంగీతంలో ఎక్కువగా కమానుతోనూ, జాజ్‌లో ఎక్కువగా వేళ్లతో మీటుతూనూ వాయిస్తారు.

మన కచేరీలో తంబుర శ్రుతినిస్తుంది, మృదంగం లయను నడుపుతుంది. జాజ్ బృందంలో బేస్ ఈ రెండు పనులనూ కొంత కొంత చేస్తుంది. పోలిక పూర్తిగా సరిపోదు. తంబుర కదలకుండా ఒకచోట నిలుస్తుంది, బేస్ నిరంతరం కదులుతూ ఉంటుంది. మిగతావాళ్లు ఏ స్వరాన్ని ఆధారం చేసుకోవాలో, ఎంత వేగంతో నడవాలో అదే చెబుతుంది. అది తడబడితే బృందమంతా తడబడుతుంది. అయినా శ్రోతలు దాన్ని గమనించేది అరుదు.

దీనికి కారణం వాద్యకారుడి చేతకానితనం కాదు, ధ్వని స్వభావం. బేస్‌లోని అతి కింది తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అలాంటి ధ్వని తరంగం పొడవు గాలిలో 8 మీటర్లకు పైగా ఉంటుంది. 6 అడుగుల చెక్క పెట్టె అంత పొడవైన తరంగాన్ని గాలిలోకి బలంగా నెట్టలేదు. పైగా మన చెవి బాగా కిందిస్థాయి స్వరాలను మధ్యస్థాయి స్వరాలంత చురుకుగా పట్టుకోదు. పక్కనే ట్రంపెట్లు, సాక్సఫోన్లు, డ్రమ్ములు మోగుతుంటే బేస్ వాటిలో మునిగిపోతుంది.

చేసి చూడండి: ఒక రబ్బరు బ్యాండును రెండు వేళ్ల మధ్య సాగదీసి మీటండి. తరువాత దాన్ని ఖాళీ రేకు డబ్బా మూతి మీదుగా బిగించి మీటండి. శబ్దం పెరుగుతుంది. ఇప్పుడు రబ్బరును కొద్దిగా వదులు చేసి మీటండి. స్వరం కిందికి దిగుతుంది. శబ్దం ఏమైందో గమనించి మీ నోటు పుస్తకంలో రాసుకోండి.

శబ్దం చాలకపోవడం ఒక్క జాజ్‌కే ఉన్న చిక్కు కాదు. మైకులు అంతగా లేని రోజుల్లో మన దేశంలో మైసూరు టి. చౌడయ్య పెద్ద సభల్లో తన వయొలిన్ చివరి వరుసదాకా వినిపించడం లేదని, 4 తీగల వాయిద్యానికి 7 తీగలు కట్టించుకున్నారు. వాయిద్యాన్నే మార్చుకోవడం ఆయన దారి. మింగస్ దారులు వేరు.

బాల్యం, చదువు

చార్లెస్ మింగస్ 1922 ఏప్రిల్ 22న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దులో ఉన్న నొగాలెస్‌లో పుట్టాడు. తండ్రి సైన్యంలో సార్జెంటు. చార్లెస్ పసిబిడ్డగా ఉండగానే తల్లి చనిపోయింది. కుటుంబం లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ ప్రాంతానికి చేరింది. ఆ ఇంటి వంశంలో ఆఫ్రికన్, యూరోపియన్, చైనీస్ మూలాలు కలిసి ఉన్నాయి. తెల్లవాళ్లు అతణ్ణి తమవాడు కాదన్నారు. వీధిలోని నల్లజాతి పిల్లలకు కూడా అతని ఛాయ వేరుగా కనిపించింది. ఎవరిలోనూ పూర్తిగా కలవలేకపోయిన ఈ బాధ ఆయనను చివరిదాకా వదల్లేదు.

ఇంట్లో చర్చి పాటలకు తప్ప వేరే సంగీతానికి చోటు లేదు. పినతల్లి తీసుకువెళ్లే చర్చిలో జనం చేతులు చరుస్తూ, కేకలు వేస్తూ, ఒకరి పాటకు మరొకరు బదులిస్తూ పాడేవారు. రేడియోలో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం సంగీతం విన్నప్పుడు ఆ బాలుడికి మరో లోకం కనిపించింది. మింగస్ రాసిన సంగీతంలో ఈ రెండూ చివరిదాకా కలిసే ఉన్నాయి.

మొదట ట్రాంబోన్, తరువాత చెల్లో నేర్చుకున్నాడు. చెల్లో అంటే అతనికి ప్రాణం. కాని నేర్పినవాళ్లు స్వరలిపి చదవడం సరిగా నేర్పలేదు. అంతేకాదు, ఆనాటి అమెరికాలో పెద్ద సింఫనీ బృందాల్లో నల్లజాతి వాద్యకారుడికి చోటు దొరకడం దాదాపు అసాధ్యం. బడి స్నేహితుడు బడ్డీ కొలెట్, చెల్లో పక్కన పెట్టి బేస్ పట్టుకోమని సలహా ఇచ్చాడు. బేస్ వాయిస్తే కనీసం డ్యాన్సు బృందాల్లో పని దొరుకుతుంది. అంటే మింగస్ బేస్‌ను ముందుగా ఎన్నుకున్నది ప్రేమతో కాదు, బతుకుతెరువు కోసం. ప్రేమ తరువాత వచ్చింది.

రెడ్ కాలెండర్ అనే జాజ్ వాద్యకారుడి దగ్గర మొదలుపెట్టి, న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌లో పనిచేసిన హెర్మన్ రైన్‌షాగెన్ దగ్గర 5 ఏళ్లపాటు నేర్చుకున్నాడు. ఆ సమయంలోనే ఎల్లింగ్టన్ బృందంలో జిమ్మీ బ్లాంటన్ అనే యువకుడు బేస్ మీద సన్నాయి మీద వాయించినట్టు రాగాలు పలికిస్తున్నాడు. బ్లాంటన్ 1942లో, 23 ఏళ్లకే, క్షయవ్యాధితో కన్నుమూశాడు. కాని బేస్ వెనుక నిలబడి తాళం వేసే వాయిద్యం మాత్రమే కాదని ఆయన చూపించిపోయాడు.

ఊరూరా మోసుకుంటూ

1940లలో మింగస్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, లయొనెల్ హాంప్టన్ వంటి పెద్ద విద్వాంసుల బృందాల్లో వాయించాడు. బేస్ వాద్యకారుడి ప్రయాణం ఎలా ఉంటుందో ఊహించండి. ట్రంపెట్ వాయించేవాడు చిన్న పెట్టె పట్టుకుని రైలెక్కుతాడు. బేస్ వాయించేవాడు మనిషంత వాయిద్యాన్ని మెట్ల మీదుగా, వర్షంలో, కిక్కిరిసిన బస్సుల్లో మోయాలి. వాతావరణంలో తేమ మారితే చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, అతుకులు విడిపోతాయి. ఇంత చేసి ఊరు చేరాక, రాత్రి క్లబ్బులో గ్లాసుల చప్పుడు మధ్య ఎవరికీ వినబడకుండా వాయించాలి.

సంపాదన కూడా నిలకడగా ఉండేది కాదు. కొంతకాలం ఆయన సంగీతం మానుకుని తపాలా శాఖలో పనిచేశాడు. అక్కడి నుంచి 1950లో రెడ్ నార్వో బృందంలోకి వెళ్లాడు. అందులో ముగ్గురే: వైబ్రఫోన్, గిటార్, బేస్. డ్రమ్ములు లేవు కాబట్టి లయ భారమంతా బేస్ మీదే. చప్పుడు తక్కువ కాబట్టి ప్రతి స్వరమూ వినబడేది. అంత వేగంగా, అంత స్పష్టంగా బేస్ వాయించవచ్చా అని సంగీతకారులు ఆశ్చర్యపోయారు. అయితే 1951లో న్యూయార్క్‌లో ఒక టెలివిజన్ కార్యక్రమానికి మింగస్ బదులు తెల్లజాతి వాద్యకారుణ్ణి నిలబెట్టడంతో ఆయన ఆ బృందాన్ని వదిలేశాడు.

1952లో భార్య సీలియా, డ్రమ్ వాద్యకారుడు మాక్స్ రోచ్‌లతో కలిసి డెబ్యూ అనే రికార్డుల కంపెనీ పెట్టాడు. పెద్ద కంపెనీల దయ మీద ఆధారపడకుండా సంగీతకారులే తమ రికార్డులు వేసుకోవాలన్నది ఆలోచన. డబ్బు విషయంలో అది పెద్దగా గెలిచింది కాదు. కాని దానివల్లే ఒక విచిత్రమైన రికార్డు మిగిలింది.

టొరంటోలో ఒక రాత్రి

1953 మే 15న కెనడాలోని టొరంటో నగరంలో, మాసీ హాలులో ఐదుగురు వేదికెక్కారు: సాక్సఫోన్ మీద చార్లీ పార్కర్, ట్రంపెట్ మీద డిజ్జీ గిలెస్పీ, పియానో మీద బడ్ పావెల్, డ్రమ్ముల మీద మాక్స్ రోచ్, బేస్ మీద మింగస్. అదే రాత్రి అమెరికాలో ఒక పెద్ద బాక్సింగ్ పోటీ ఉంది. హాలు నిండలేదు. నిర్వాహకుల దగ్గర డబ్బు చాలలేదు. మింగస్ మాత్రం ఆ కచేరీని రికార్డు చేసిన టేపులను తనతో న్యూయార్క్ తీసుకువెళ్లాడు.

టేపు పెట్టి వింటే, నలుగురూ ఉన్నారు. బేస్ దాదాపు లేదు.

మీరు ఆయన స్థానంలో ఉంటే ఏం చేసేవారు? ఆనాటి అత్యుత్తమ జాజ్ బృందంలో మీరూ ఒకరు. రాత్రంతా వాయించారు. మీరు వేసిన పునాది మీదే మిగతా నలుగురూ నిలబడ్డారు. కాని సాక్ష్యంలో మీరు లేరు. మింగస్ స్టూడియోకు వెళ్లి, ఆ టేపు వింటూ దాని మీద తన బేస్‌ను కొత్తగా వాయించి చేర్చాడు. ఆ రికార్డు అలాగే డెబ్యూ ముద్రతో బజారులోకి వచ్చింది. దశాబ్దాల తరువాత అసలు టేపును కూడా విడుదల చేశారు. రెండూ పక్కపక్కన పెట్టి వింటే, చేర్చిన బేస్ అక్కడక్కడ హాలులో కాకుండా మన చెవి పక్కనే మోగుతున్నట్టు తెలిసిపోతుంది. ఇది కచేరీకి నిజమైన సాక్ష్యం కాదని కొందరు విమర్శిస్తారు. బేస్ లేని టేపు మాత్రం నిజమైన సాక్ష్యమా అని అడగవలసి ఉంటుంది.

శబ్దం పెంచే మార్గాలు

ఆ కాలంలో బేస్ శబ్దాన్ని పెంచడానికి ఏయే మార్గాలుండేవి? మొదటిది కండబలం. పేగుతో చేసిన తీగలను పలక మీద నుంచి బాగా ఎత్తులో బిగించి, వేలి కండతో గట్టిగా లాగి వదిలేవారు. వేళ్లు బొబ్బలెక్కి, కాయలు కాచేవి. మింగస్ చేతులకు ఆ బలం దండిగా ఉండేది.

రెండోది మైకు. వేదిక మీద ఉన్న ఒకే మైకును గాయకుడి నుంచి బేస్ వైపు జరిపేవారు; లేదా మైకుకు గుడ్డ చుట్టి తీగల కింద, చెక్కకు దగ్గరగా ఇరికించేవారు. 1940ల చివర న్యూయార్క్‌లో ఎవరెట్ హల్ అనే బేస్ వాద్యకారుడు ఒక ఉపాయం బజారులోకి తెచ్చాడు. బేస్‌ను నేల మీద ఆనించే కింది మేకుకు చిన్న మైకు అమర్చి, దాన్ని పెట్టె లోపలికి పంపి, ఆ ధ్వనిని ఆంప్లిఫయర్‌తో పెంచడం. ఆంపెగ్ అనే కంపెనీ పేరు ఆ మేకు నుంచే వచ్చింది.

మైకుతో ఒక పేచీ ఉంది. పందిట్లో మైకును స్పీకరుకు ఎదురుగా తెస్తే అది కీచుమని అరవడం మీరు చూసే ఉంటారు. స్పీకరు శబ్దం మళ్లీ మైకులో దూరి, మళ్లీ పెరిగి, తిరుగుతూనే ఉండటం వల్ల ఇలా జరుగుతుంది. బేస్ విషయంలో ఇది మరింత కష్టం. దాని పలచని చెక్క పలకే పెద్ద చెవిలా పనిచేస్తుంది. స్పీకరు శబ్దానికి పలక అదిరి, హోరుమని గర్జిస్తుంది. అందుకే వాద్యకారులు స్పీకరును ఏ మూల పెట్టాలో, తాము ఎటు తిరిగి నిలబడాలో ప్రతి హాలులోనూ కొత్తగా వెతుక్కోవలసి వస్తుంది.

1951లో ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌ను తెచ్చింది. దాని ఒళ్లు గట్టి చెక్క, బోలు కాదు. మోయడం తేలిక, ఎంత పెంచినా సులభంగా గర్జించదు. సినిమా పాటల్లోనూ, రాక్ సంగీతంలోనూ చాలావరకు అదే స్థానం సంపాదించింది. డబుల్ బేస్‌ను వదలని జాజ్ వాద్యకారులు పేగు తీగలకు బదులు ఉక్కు తీగలు వేసుకున్నారు. 1970ల నాటికి బ్రిడ్జికి, అంటే తీగలను ఎత్తిపట్టే చెక్క ముక్కకు, అంటించే చిన్న పికప్‌లు వాడుకలోకి వచ్చాయి. వంటింట్లో గ్యాస్ లైటర్ నొక్కితే టిక్కుమని నిప్పురవ్వ వస్తుంది కదా. లోపల ఉన్న ఒక రకం పదార్థం ఒత్తిడికి విద్యుత్తు పుట్టిస్తుంది. ఈ పికప్‌లలో పనిచేసేది కూడా అదే సూత్రం: బ్రిడ్జి అదురు విద్యుత్తుగా మారి ఆంప్లిఫయర్‌కు చేరుతుంది. శబ్దం పెరిగింది. కాని వేలు, గాలి, చెక్క కలిసి ఇచ్చే గుల్లదనం కొంత పోయి, తీగ జివజివ ఎక్కువైందని చాలామంది ఫిర్యాదు చేశారు. ఈ వాదన జాజ్ వాద్యకారుల మధ్య ఇప్పటికీ తెగలేదు.

మింగస్ చూపిన గొప్ప ఉపాయం యంత్రాల్లో లేదు, కూర్పులో ఉంది. ఆయన తన బృందాన్ని వర్క్‌షాప్ అని పిలిచేవాడు. పాటను కాగితం మీద రాసి పంచకుండా, పియానో మీద వాయించి, నోటితో పాడి నేర్పేవాడు. ఎవరు ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు అందరూ కలిసి అరవాలో ఆయనే నడిపించేవాడు. 1957లో రికార్డు చేసిన హైతియన్ ఫైట్ సాంగ్ మొదట్లో ఇతర వాయిద్యాలు మౌనంగా ఉంటాయి. బేస్ ఒక్కటే, చాలాసేపు, మాట్లాడుతుంది. ఆ తరువాత ఒక్కొక్కరూ దాని వెంట చేరతారు. చుట్టూ నిశ్శబ్దం ఉంటే బేస్‌కు ఆంప్లిఫయర్ అక్కర్లేదు.

బడి గుమ్మం ముందు

1957లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో లిటిల్ రాక్ నగరపు ఉన్నత పాఠశాలలో చేరడానికి తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు వెళ్లారు. అప్పటికి మూడేళ్ల ముందే, 1954లో, అమెరికా సుప్రీంకోర్టు జాతిని బట్టి పిల్లలను వేరువేరు బడులకు పంపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. అయినా గవర్నరు ఒర్వల్ ఫాబస్ సాయుధ బలగాలను బడి గుమ్మం ముందు నిలబెట్టి పిల్లలను అడ్డుకున్నాడు. చివరకు దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపి పిల్లలను లోపలికి చేర్చవలసి వచ్చింది.

ఆ గవర్నరును ఎగతాళి చేస్తూ మింగస్ ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్ అనే కూర్పు చేశాడు. 1959లో కొలంబియా కంపెనీ దాన్ని మాటలు లేకుండా, వాయిద్యాలతో మాత్రమే వెలువరించింది. మాటలతో కూడిన రూపం 1960లో కాండిడ్ అనే చిన్న కంపెనీ ద్వారా వచ్చింది. ఆ రికార్డులో మరో విశేషముంది. దాన్ని శ్రోతలు లేని స్టూడియోలో చేశారు. అయినా మింగస్ ఎదుట జనం ఉన్నట్టే భావించి, చప్పట్లు కొట్టవద్దని, గ్లాసుల్లో ఐసు ముక్కలు కదపవద్దని, డబ్బుల పెట్టె మోగించవద్దని కోరతాడు. రోజూ రాత్రి క్లబ్బులో బేస్‌కు శత్రువులు ఆ చప్పుళ్లే మరి. నిజమైన క్లబ్బుల్లో ఆయన వాయించడం ఆపి, కబుర్లు చెప్పుకునేవారిని గట్టిగా మందలించిన సందర్భాలున్నాయి.

ఆయన కోపాన్ని మెచ్చుకోవలసిన గుణంగా మాత్రమే చెబితే అది సగం నిజమే అవుతుంది. 1953లో ఎల్లింగ్టన్ బృందంలో, తాను చిన్నప్పటి నుంచి కలగన్న చోట, మరో వాద్యకారుడితో గొడవపడి కొద్ది రోజుల్లోనే బయటికి పోవలసి వచ్చింది. 1962లో తన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన ట్రాంబోన్ వాద్యకారుడు జిమ్మీ నెప్పర్‌ను నోటి మీద కొట్టి పన్ను విరగ్గొట్టాడు. ట్రాంబోన్ ఊదేవాడికి పెదవులు, పళ్లే జీవనాధారం. కోర్టు మింగస్‌ను దోషిగా తేల్చింది. ఎవరికీ వినబడని బాధ ఎంత నిజమైనదైనా, నెప్పర్ పన్నుకు అది సమాధానం కాదు.

చివరి సంవత్సరాలు

1966లో న్యూయార్క్‌లో సంగీత పాఠశాల పెట్టాలనుకున్న తన నివాసం నుంచే అద్దె గొడవల వల్ల ఆయనను ఖాళీ చేయించారు. సామాను, సంగీత పత్రాలు వీధిలోకి చేరిన దృశ్యం ఒక డాక్యుమెంటరీ చిత్రంలో ఉంది. కొన్నేళ్లు ఆయన వాయించడమే దాదాపు మానేశాడు. 1971లో ఆత్మకథ వెలువడటం, గుగెన్‌హైమ్ ఫెలోషిప్ రావడంతో మళ్లీ లేచాడు.

1977 చివర ఆయనకు ఎ.ఎల్.ఎస్. అనే వ్యాధి ఉన్నట్టు తేలింది. ఇందులో కండరాలను నడిపే నరాలు క్రమంగా చచ్చుబడతాయి. తీగలను అంత బలంగా లాగిన వేళ్లు కదలడం మానేశాయి. బేస్ వాయించలేని మింగస్ టేపు రికార్డరు ముందు నోటితో పాడుతూ కొత్త కూర్పులు చేశాడు. 1978 జూన్‌లో అధ్యక్షుడు కార్టర్ వైట్‌హౌస్ పచ్చికలో జాజ్ కచేరీ ఏర్పాటు చేశాడు. చక్రాల కుర్చీలో వచ్చిన మింగస్ కోసం సభంతా లేచి నిలబడింది. కార్టర్ దగ్గరికి వెళ్లి పలకరించాడు. మింగస్ ఏడ్చాడు.

1979 జనవరి 5న మెక్సికోలోని క్వెర్నవాకాలో, 56 ఏళ్ల వయసులో ఆయన మరణించాడు. ఆయన కోరిక ప్రకారం భార్య స్యూ మింగస్ చితాభస్మాన్ని మన దేశానికి తెచ్చి గంగానదిలో కలిపింది.

తరువాత ఆయన కాగితాలను క్రమపరుస్తుండగా ఒక భారీ రచన బయటపడింది. దాని పేరు ఎపిటాఫ్, అంటే సమాధి మీది రాత. అందులోని కొన్ని భాగాలను 1962లో న్యూయార్క్ టౌన్ హాలులో వాయించే ప్రయత్నం గందరగోళంగా ముగిసింది. వేదిక మీద ఒక పక్క కచేరీ జరుగుతుండగానే మరో పక్క స్వరలిపి నకళ్లు రాస్తూ ఉన్నారు. మొత్తం రచన వాయించడానికి రెండు గంటలకు పైగా పడుతుంది, 30 మంది దాకా వాద్యకారులు కావాలి. గుంథర్ షుల్లర్ నిర్వహణలో 1989 జూన్ 3న న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్‌లో దాన్ని తొలిసారిగా వినిపించారు. నాలుగేళ్ల తరువాత, 1993లో, అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మింగస్ స్వరలిపి ప్రతులను, ఉత్తరాలను, టేపులను కొని భద్రపరచింది.